గురువారం బాట

అలివేలు మనసులో ఒక అనుమానం ఇరవై మూడేళ్ళుగా కాపురం చేస్తూ ఉంది. అది ఒక జత చెప్పుల గురించి.

పెళ్ళయిన రెండో ఏడు, శ్రావణమాసంలో ఒక గురువారం, ఆమె పెనిమిటి ఓబులేసు ఉత్తరాలు పంచి ఇంటికి వచ్చేటప్పటికి కాళ్ళకు తన చెప్పులు లేవు. ఎర్ర ఊలు పువ్వు కుట్టిన ఆడమనిషి తోలు చెప్పులున్నాయి. మడమలు వెనక్కి వేలాడుతున్నాయి.

"నావి బురదలో తెగిపోయినాయి. ఎవరో ఇచ్చినారు" అన్నాడు.

"ఎవరో అంటే?"

"దారిలో ఒక ఇల్లులే" అని కాళ్ళు కడుక్కోవడానికి దొడ్లోకి పోయాడు.

అలివేలు అప్పటికి చదివింది పదో తరగతే. అయినా ఒక సంగతి ఆమె కంటికి ఆనింది. తమ ఊరు వేములదొడ్డి చుట్టూ ఓబులేసు తిరిగే పల్లెలన్నీ ఎర్రనేల మీదివి. ఆ చెప్పుల అడుగున గడ్డకట్టుకున్నది నల్లరేగడి. ఆమె ఆ చెప్పులను కడగలేదు. గోనెసంచిలో చుట్టి అటకమీద పెట్టింది. మర్నాడు ఓబులేసు అడిగితే "పారేసినా" అంది. అతను వాకిలంతా ఒకసారి చూసి సైకిలెక్కాడు.

అప్పటినుంచి ప్రతి గురువారం అతను గంట ఆలస్యంగా వచ్చేవాడు. చెప్పుల అంచులకు నల్లమన్ను ఉండేది. శుక్రవారం తెల్లవారి ముగ్గు వేసే ముందు అలివేలు ఆ మన్ను ఊడ్చేది. ఊడ్చేటప్పుడు లక్ష్మీ అష్టోత్తరం చదువుకునేది, కానీ నామాల మధ్య మనసు ఊరి బయట పారే వంక దాటి ఎక్కడికో పోయేది. అడగలేదు. అడిగితే జవాబు వస్తుందేమోనని భయం.

కూతురు నంద్యాలలో నర్సు ఉద్యోగంలో చేరాక, ప్రైవేటుగా కట్టి పాసైన ఇంటర్‌తో, నలభై మూడో ఏట, అలివేలు ఊళ్ళోని డిగ్రీ కాలేజీలో చేరింది. ఏ గ్రూపు అని గుమాస్తా అడిగితే భూగోళం అంది. "పటాలంటే ఇష్టం" అని అందరితో చెప్పింది. అది అబద్ధం కాదు. నిజమంతా కూడా కాదు.

రెండో ఏడు మృత్తికల ప్రాక్టికల్‌కు ఎవరి మట్టి వాళ్ళు తెచ్చుకోమన్నారు. అందరూ చేనుమట్టి తెస్తే అలివేలు కాగితంలో ఒక నల్లటి గడ్డ పొట్లం కట్టుకొచ్చింది. భార్గవి మేడమ్ దానిమీద రెండు చుక్కల ఆమ్లం వేసింది. అది బుసబుసమని పొంగింది.

"సున్నం బాగా ఉన్న రేగడి. మన పక్క ఇట్లాంటిది వంక అవతల బోయినకొట్టాల దగ్గర తప్ప లేదే. ఎక్కడిదమ్మా ఇది?"

"మా అటక మీదిది మేడమ్."

క్లాసంతా నవ్వింది. అలివేలు కూడా నవ్వింది. బోయినకొట్టాల అని రికార్డులో రాసుకుని కింద రెండు గీతలు గీసింది. ఆ ఊరు ఓబులేసు ఉత్తరాలు పంచే బీటులోది కాదు.

*

భార్గవి మేడమ్ నాలుగేళ్ళుగా విశ్వవిద్యాలయం వాళ్ళతో కలిసి ఒక యంత్రం చేస్తూ ఉంది. చూడటానికి పెద్ద వింతేమీ కాదు. తలకు కట్టుకునే రెండు రాగితీగల పట్టీలు, మధ్యలో బియ్యం డబ్బా అంత పెట్టె. పిల్లలు దానికి బాటపట్టీ అని పేరు పెట్టారు.

"మనిషి ఒక దారిని నడిచీ నడిచీ లోపల ఒక పటం గీసుకుంటాడు. కాగితం మీద గీయమంటే గీయలేడు. కాళ్ళకు మాత్రం తెలుసు. ఆ పటాన్ని ఇంకొకరి కాళ్ళకు ఎక్కించగలమా అన్నదే నా ప్రశ్న" అంది మేడమ్. ముందు తనమీదే చూసుకుంది. కాలేజీ కావలివాడు ఇంటినుంచి కాలేజీకి వచ్చే దారిని తన తలలోకి ఎక్కించుకుని, కళ్ళకు గంతలు కట్టుకుని నడిచి చూపింది. రెండు నెలలు నిండకముందే అది దానంతటదే కరిగిపోయింది. ఇప్పుడు ఒక సందు కాదు, పెద్ద బీటు కావాలి. ఊళ్ళో అందరికంటే ఎక్కువ నడిచిన మనిషి ఎవరు అని మేడమ్ అడగ్గానే తలలన్నీ అలివేలు వైపు తిరిగాయి.

ఓబులేసు వెంటనే ఒప్పుకున్నాడు. దానికి కారణముంది. కిందటి ఏడు సర్వే ప్రాక్టికల్‌లో అలివేలు దిక్సూచిని తలకిందులుగా చదివి, నలుగురు ఆడపిల్లలను వెంటబెట్టుకుని వేరే ఊరికి చేరింది. మార్కులు గట్టెక్కాయి గానీ పరువు గట్టెక్కలేదు. ఓబులేసు వారం రోజులు అన్నం తింటూ నవ్వాడు. ఇప్పుడు తన దారులన్నీ భార్య తలలోకి పోతాయని అతని సంబరం. అలివేలు కూడా అదే అనుకుంది. సోమవారం దారి మొదలు శనివారం దారిదాకా ఆరు దారులు. పట్టీ కట్టే రోజు పొద్దున పూజ చేసి, తీర్థమిచ్చి, చెవిలో చెప్పింది.

"ఒక్కొక్క దారి మూడుసార్లు తలుచుకో. ప్రదక్షిణ మాదిరి. ఒకసారి తలిస్తే సగమే ఎక్కుతుందేమో."

"అట్లే."

పట్టీ కట్టేముందు మేడమ్ చీటీ చదివింది. "ఎక్కించుకునేది తస్లీమ్."

అలివేలుకు మొదట అర్థం కాలేదు. తస్లీమ్ మదనపల్లి పక్కనుంచి వచ్చిన ఇరవై ఏళ్ళ పిల్ల. హాస్టలు, కాలేజీ తప్ప ఈ ఊరు ఎరుగదు.

"ఇంటివాళ్ళు కూడదమ్మా" అంది మేడమ్ నెమ్మదిగా. "ఇరవై ఏళ్ళు ఒక కప్పు కింద ఉన్నవాళ్ళకు ఒకరి దారులు ఒకరికి ముందే కొంత తెలిసుంటాయి. ఏది యంత్రం ఎక్కించిందో, ఏది కాపురం ఎక్కించిందో తేల్చలేం."

ఓబులేసు భార్య వైపు చూశాడు. మాట ఇచ్చేశాడు కాబట్టి కుర్చీలో కూర్చున్నాడు. ఎదురు కుర్చీలో తస్లీమ్ కూర్చుంది. ఆరు సాయంత్రాలు అతను కళ్ళు మూసుకుని కూర్చున్నాడు, పెదవులు కదిలాయి, కాలి వేళ్ళు కదిలాయి. అలివేలు కిటికీ బయట నిలబడి చూసింది. తన ఇంటి కుండలో నీళ్ళు ఎవరో ముంచుకుపోతుంటే గుమ్మంలో నిలబడి చూసినట్టుంది.

*

సోమవారం తస్లీమ్ భుజానికి ఖాళీ సంచి తగిలించుకుని తపాలా ఆఫీసు మెట్లు దిగింది. వెనక క్లాసంతా. ఎవరినీ దారి అడగలేదు. ఎద్దులసంతలో అడ్డంగా పడి, కుమ్మరివీధి చివర ఎవరూ చూడని సందులోకి తిరిగి, బండల మీదుగా ఎర్రకొండ ఎక్కుడు ఎక్కింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మేడమ్ కళ్ళు తుడుచుకుంది. ఎక్కుడు సగంలో తస్లీమ్ ఆగి కుడి మోకాలు పట్టుకుంది.

"పోస్టన్నకు ఈ మోకాలు నొప్పి కదా అక్కా?" అంది అలివేలుతో. క్లాసులో అందరికీ అలివేలు అక్కే, ఊరందరికీ ఓబులేసు పోస్టన్నే.

"నీకెవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలా. ఇక్కడికి వచ్చేతలికి కాలు దానంతటదే జాగ్రత్త పడతాంది."

ఆ మోకాలి సంగతి అలివేలుకు తెలియదు. పాతికేళ్ళు వండిపెట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, అహోబిలం మెట్లు కలిసి ఎక్కింది. ఏనాడూ చెప్పలేదు. వారంనాటి పిల్లకు కాలు చెప్పింది. ఆ రోజు ఇంటికి వచ్చి చారులో రెండుసార్లు ఉప్పు వేసింది.

రెండో వారం తస్లీమ్ రికార్డుకు ఇరవైకి ఇరవై వచ్చాయి. విశ్వవిద్యాలయం వాళ్ళు వచ్చి ఫోటోలు తీశారు. అలివేలు తన రికార్డులో ఎత్తురేఖలకు రంగు దిద్దుతూ కూర్చుంది. గోధుమరంగు పెన్సిలు ముక్కు విరిగింది, మళ్ళీ చెక్కింది, మళ్ళీ విరిగింది. తస్లీమ్ పక్కన కూర్చుని, చెడ్డ ఉద్దేశమేమీ లేకుండా, చిన్నపిల్ల మాదిరి చెప్పుకొచ్చింది.

"అన్ని దారులూ ఒకటి కాదక్కా. మంగళవారం దారిలో ఒక సందు ఉండాది, కుక్క ఉన్నట్టుంది, గుండె దడదడ అంటాది. గురువారం దారి నేనింకా నడవలా. ఊరికే కూర్చుని తలుచుకుంటేనే ఒక చోట, వంక దాటినాక, బడి వదిలిన గంట కొట్టినట్టు మనసంతా తేలికైపోతాది. ఏముంది అక్కడ?"

"నాకేం తెలుసు" అంది అలివేలు. పెన్సిలు నాలుగోసారి విరిగింది.

ఆ పిల్లమీద కోపం తప్పని ఆమెకు తెలుసు. తెలిసి కూడా కన్ను కుట్టింది. ఆ పిల్ల నడిస్తే తన మొగుడి నడకే. మెట్టు దగ్గర ఎడమకాలు ముందు పెట్టడం, గుడి ఎదురుగా వచ్చినప్పుడు అర అడుగు ఆగడం అన్నీ అవే. తనకు దక్కని సొత్తు మరొకరి ఒంటిమీద మెరుస్తుంటే ఏ ఆడదానికైనా ఎట్లా ఉంటుంది? "స్వామీ, ఈ గుణం నాకెందుకిచ్చినావు" అని సాయంత్రం దీపం ముందు అడిగింది. దీపం ఎప్పటిలా వెలిగింది.

*

ఆ శనివారం మధ్యాహ్నం ఓబులేసు బస్టాండు దగ్గర సైకిలు పట్టుకుని నిలబడిపోయాడు. గంటసేపు అట్లాగే నిలబడితే సోడాలమ్మే మనిషి చూసి ఇంటికి తీసుకొచ్చాడు.

"ఏమైందంటే చెప్పడమ్మా. ఇల్లు యాడుందని నన్నడుగుతాడు, తమాషాకేమో అనుకున్నా" అన్నాడు.

తమాషా కాదు. ఇల్లు చూస్తే ఇల్లని తెలుసు. గుడి చూస్తే గుడి అని తెలుసు. ఒకదాన్నుంచి ఇంకొకదానికి ఎట్లా పోవాలో తెలియదు. మనుషులందరూ ఉన్నారు, పేర్లన్నీ ఉన్నాయి, మధ్యలో దారులే లేవు.

భార్గవి మేడమ్ పరుగున వచ్చింది. ఒక్కో దారి ఎన్నిసార్లు తలుచుకున్నావని అడిగింది.

"మూడుసార్లు. తప్పు రాకూడదు కదా మేడమ్" అన్నాడు ఓబులేసు.

మేడమ్ అరుగుమీద కూలబడింది. "ఒక్కసారే అని నేను గట్టిగా చెప్పలేదు. తలుచుకున్న దారి తడిసున్నం లాంటిది. ఆరేదాకా ముట్టుకోకూడదు. ఆరకముందే మేము మళ్ళీ మళ్ళీ గీకినాం, అందుకే ఇప్పుడు పెళ్ళలుగా రాలిపోయింది. తప్పు నాదే."

తప్పు ఎవరిదో అలివేలుకు తెలుసు. ప్రదక్షిణ మాట తనది. ఎనిమిది దిక్కులకు ఎనిమిది మంది దేవుళ్ళను పెట్టిన పెద్దలు, మనిషికి దిక్కే తప్పితే ఎవరికి మొక్కాలో చెప్పలేదే అనుకుంది. 

"తస్లీమ్ తలలోంచి తిరిగి ఈయనకు ఎక్కించలేరా?" అని మాత్రం అడిగింది.

"ఎక్కించవచ్చునేమో. ఆ పిల్లకు ఏమవుతుందో నాకు తెలియదు. తెలియని పని ఇంకోసారి చెయ్యను. పెట్టె మూసేసినా."

"ఆ బిడ్డ తలకాయ ముట్టొద్దు మేడమ్" అన్నాడు ఓబులేసు. "పోయిందేదో నాది పోయింది."

తపాలా ఆఫీసులో సోమవారం నుంచి నలభై రోజుల సెలవు ఇచ్చారు. ఆలోగా బీటు మళ్ళీ నేర్చుకుంటే సరి, లేకుంటే సంచి అప్పగించాలి. నేర్పేదెవరు? ఆరు దారులూ తెలిసిన మనిషి ఇప్పుడు లోకంలో ఒక్క తస్లీమే. ఆ పిల్లకు కూడా ఇంక మిగిలింది నలభై రోజులే.

"అక్కా, నేను నడుస్తా, నువ్వు గీయి. కాగితం మీద ఉంటే పోస్టన్న చూసి నడుస్తాడు. నడిస్తే మళ్ళీ పడతాది" అంది తస్లీమ్.

అట్లా మొదలైంది. తస్లీమ్ ముందు, అలివేలు వెనక. చేతిలో దిక్సూచి, మెడలో అట్ట, కొంగున పెన్సిలు. అడుగులు లెక్కపెట్టుకుంటూ, మలుపు మలుపుకూ దిక్కు చదివి రాసుకుంటూ, ఇంటికి వచ్చి స్కేలు పెట్టి గీసేది. సర్వే పటంలో లేనివన్నీ అందులో వచ్చాయి: కరిచే కుక్క, తలుపు తట్టితే పలకని ముసలాయన, ఎండలో నీళ్ళిచ్చే ఇల్లు. ఆమె ఇప్పుడు దిక్సూచి తప్పు చదవడం లేదు. తప్పు చదివితే ఏమవుతుందో చూపించే మనిషి అరుగుమీద కూర్చుని ఉన్నాడు.

సోమవారం, మంగళవారం, బుధవారం, శుక్రవారం, శనివారం. అయిదు దారులు నాలుగు వారాల్లో అయిపోయాయి. గురువారం దారికి మాత్రం ఎప్పుడూ ఏదో అడ్డం. ఒక వారం ఏకాదశి అంది. ఒక వారం వంకకు నీళ్ళొచ్చాయంది. ఒక వారం ఏమీ అనలేదు, చింతపండు వలుస్తూ కూర్చుంది.

"గురువారం ఒకటి మిగిలిందే" అన్నాడు ఓబులేసు.

"దానికేం తొందర? వంక దాటి ఎవరింటికి పోవాల?"

అతని ముఖం మాడింది.

"దారి పోయింది అలివేలూ. పలకమీద రాసింది తుడిచినట్టుండాది."

"దారి పోతే పోయింది. మనిషి కూడా పోయిందా?"

ఓబులేసు తలెత్తి గూట్లో ఉన్న నరసింహస్వామి పటం వైపు చూశాడు. దేవుడి వైపు చూసి దాచే మనిషి ఎంత పెద్ద సంగతి దాస్తున్నాడో అనుకుంది అలివేలు.

*

సెలవులో ముప్పై ఎనిమిదో రోజు బుధవారం. తస్లీమ్ చెమటలు కక్కుకుంటూ వచ్చింది.

"అక్కా, ఇయ్యాల సోమవారం దారిలో రెండు సందులు తప్పినా. కరిగిపోతాంది. రేపు పోకుంటే ఇంక గురువారం దారి ఉండదు."

"చూద్దాంలే" అంది అలివేలు.

ఆ పిల్ల పోయాక చాలాసేపు పొయ్యి ముందు కూర్చుంది. చూద్దాంలే అన్నమాట ఎంత తేలికగా వచ్చింది. రెండు రోజులు ఊరకుంటే చాలు. ఎవరినీ తిట్టనక్కర్లేదు, ఏడవనక్కర్లేదు. ఆ దారి లోకంలోనే లేకుండా పోతుంది. ఓబులేసు కాళ్ళు మళ్ళీ ఎన్నటికీ వంక దాటలేవు. దాటినా ఆ ఇల్లు దొరకదు. ఇరవై మూడేళ్ళుగా ఊడ్చిన మన్ను ఇంక ఊడ్చే పని ఉండదు. దేవుడే ఆ దారి మూశాడని అనుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకు సిగ్గు వేసింది. సిగ్గు వేసినా ఆలోచన లేచి పోలేదు, చుట్టం మాదిరి చాపేసుకుని కూర్చుంది.

గురువారం తెల్లవారి తలుపు తీస్తే ఓబులేసు అప్పటికే అరుగుమీద ఉన్నాడు. అయిదు పటాలు వరసగా పరిచి, వాటిమీద గాలికి ఎగరకుండా గులకరాళ్ళు పెట్టి, సోమవారం దారిమీద వేలు పెట్టి బడిపిల్లవాడి మాదిరి గొణుక్కుంటున్నాడు. "కుమ్మరివీధి, నూట పది అడుగులు, ఎడమ. బండలు, ఎనభై, కుడి." ఆరో పటం ఉండవలసిన చోట ఖాళీ వదిలి, అక్కడ కూడా ఒక రాయి పెట్టాడు.

అలివేలు ఆ రాయి వైపు చూసింది. లోపలికి పోయి అట్ట మెడలో వేసుకుంది.

*

వంకదాకా ఎర్రదుమ్ము. నీళ్ళు మోకాలి కిందే ఉన్నాయి. అవతలి గట్టెక్కి పది అడుగులు వేయగానే నేల రంగు మారిపోయింది. ఒక అడుగు ఎరుపు, ఒక అడుగు నలుపు. పుస్తకంలో చదివిన సరిహద్దు కాళ్ళకింద ఉంది. అలివేలు ఆగి అక్కడ ఒక గీత గీసుకుంది. తలెత్తేసరికి తస్లీమ్ ముందుకు పోతోంది. నడక వేగమైంది. ముఖంలో నవ్వు. ఆ నవ్వు అలివేలు ఎరుగును, పెళ్ళయిన కొత్తలో చూసింది. అడుగుల లెక్క రెండుసార్లు తప్పింది.

బోయినకొట్టాలలో చివరి ఇల్లు. అరుగు పక్కన ఒక నాపరాతి బండ. దానిమీద గీతలు చెక్కి ఉన్నాయి, పులీమేకా ఆట గడులు. తస్లీమ్ కాళ్ళు సరాసరి బండ దగ్గరికి పోయాయి. ఎడమ పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చేయి తనంతట తాను బండ కింది సందులోకి పోయి గుప్పెడు చింతగింజలు తీసింది.

లోపలినుంచి ఒక ముసలామె కర్ర పట్టుకుని వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. ఒక పాదం వాచి ఉంది.

"ఎవురే నువ్వు? ఆడ కూర్చునేవాడు ఒగడే" అంది.

"ఓబులేసు ఇంటామెను నేను" అంది అలివేలు.

ముసలామె ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. చూపు పాదాల దగ్గర ఆగింది.

"నా చెప్పులు పారేసింది నువ్వేనా?"

అలివేలు కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"కూర్చో. నా పేరు సుంకమ్మ. వాడు బాగుండాడా? నెలన్నరగా రాలా. పోయినాడేమో అనుకుని ఏడ్చినా కూడా."

ఓబులేసుకు జరిగింది తస్లీమ్ చెప్పింది. సుంకమ్మ విని కర్రతో నేలమీద ఒకసారి కొట్టింది. తర్వాత తన కథ చెప్పింది. ఇరవై మూడేళ్ళ కింద ఊరిపేరు తప్పు రాసిన ఉత్తరమొకటి ఓబులేసు సంచిలో పడింది. వెనక్కి పంపకుండా వంక దాటి వెతుక్కుంటూ వచ్చాడు. వాన పట్టుకుంది. రేగడి అతని చెప్పులను మింగింది. వాన ఆగేదాకా పొద్దుపోక ఒక ఆట వేశారు.

"ఓడిపోయినాడు. నా చెప్పులు తొడిగి పంపిస్తి. వచ్చేవారం చెప్పులు తెస్తా, ఆట గెలుస్తా అన్నాడు. రెండూ చెయ్యలా."

"ఇన్నేళ్ళూ వచ్చింది ఆటకేనా?" అంది అలివేలు.

"ఇంక దేనికి? నీకు చెప్పమని వానితో నేనే ఎన్నోసార్లు అంటి. చెప్తే కొంప మునుగుతాదనేవాడు. అహోబిలంలో ఒట్టు పెట్టినాడంట కదా, ఏ ఆటకూ కూర్చోనని."

పెట్టాడు. పెట్టించింది తనే. పెళ్ళయిన మొదటి ఉగాదికి పేకాటలో పెళ్ళి ఉంగరం పోగొట్టుకుని వస్తే, చేయి పట్టుకుని అహోబిలం తీసుకుపోయి, స్వామి ఎదుట నిలబెట్టి, ఏ ఆటా అని నొక్కి చెప్పించింది. ఒక్క ఆట కూడా విడిచిపెట్టలేదు.

సంతోషపడాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. ఇన్నేళ్ళు ఊహించిన ఆడది లేదు. కానీ వారానికొక గంట ఉంది. ఆ గంటలో ఆయన నవ్వాడు, ఓడాడు, ఆయన నవ్వు ఈ బండమీద అరిగింది. అది తనకు రాలేదు.

"ఏం మాట్లాడుకునేవాళ్ళు?"

"పులికి మాటలెందుకు? అప్పుడప్పుడు నీ సంగతి చెప్పేవాడు. మా ఆమె కాలేజీకి పోతాంది జేజీ, పటాలు గీస్తాంది అని గొప్పలు పోయి, ఆ సందులో మేకను చావగొట్టుకునేవాడు."

తిరుగుదారిలో అలివేలు లెక్క తప్పకుండా అడుగులు వేసింది. ఊరు దగ్గరపడేకొద్దీ తస్లీమ్ నడక మళ్ళీ వేగమైంది. అలివేలు వాళ్ళ ఇంటి సందు మొదట్లో ఆ పిల్ల ఆగింది. కుడిచేతి బొటనవేలు గాలిలో దేన్నో నొక్కింది.

"ఇక్కడ వేలు దానంతటదే పోతాందక్కా. ఏముండాది?"

సైకిలు గంట. ప్రతి సాయంత్రం సందు మొదట్లో ఒక్కసారి మోగుతుంది. పిల్లలను పక్కకు తప్పుకోమని అనుకుంది ఇన్నేళ్ళు. ఆ సందులో ఏనాడూ పిల్లలు ఆడింది లేదు.

"తస్లీమూ, ఆ బండ దగ్గర తేలికయింది అన్నావే. ఇక్కడ ఎట్లుంది? ఏది ఎక్కువ?"

అసూయ అంత తొందరగా చచ్చేది కాదు.

తస్లీమ్ కొంచెం ఆలోచించింది. "ఎక్కువ తక్కువలు తెలీదక్కా. ఆడికి పోతే సంచి బరువు గుర్తురాదు. ఈడికొస్తే సంచి దించుతాం."

రెండు రోజుల తర్వాత ఆ పిల్ల తపాలా ఆఫీసు మెట్లమీద నిలబడి హాస్టలు ఎటువైపని అడిగింది. అలివేలే చేయి పట్టుకుని తీసుకుపోయి దిగబెట్టింది.

*

పటాలు పట్టుకుని ఓబులేసు మళ్ళీ తపాలా సంచి తగిలించుకున్నాడు. మరుసటి గురువారానికి అలివేలు అటకమీది గోనెసంచి దించింది. తోలు ఎండి కట్టె అయిపోయింది. మూడు రోజులు ఆముదం రాసి మెత్తబరిచింది. పువ్వు ఊలు వెలిసిపోతే ఎర్రదారంతో కుట్టింది. అడుగున మన్ను మాత్రం కడగలేదు.

అరుగుమీద ఆరో పటం చూస్తున్న ఓబులేసు ఆమె చేతిలో చెప్పులు చూసి లేచి నిలబడ్డాడు.

"పారేసినా అన్నావు."

"నువ్వు ఎవరో అన్నావు."

అలివేలు చెప్పులను గుడ్డలో చుట్టింది.

"నాకు నేర్పి ఉంటే నేనే ఆడేదాన్ని కదయ్యా."

"ఏ ఆటా అన్నావు కదా" అన్నాడతను. తప్పు పట్టినట్టు లేదు, ఉన్నమాట చెప్పినట్టుంది. తర్వాత గూడు వైపు చూశాడు. "స్వామికి ఏం చెప్పేది?"

"పెట్టించింది నేను. విప్పమని కూడా నేనే అడుగుతా. పద, నువ్వు ముందు నడువు."

అతను పటం పట్టుకుని ముందు నడిచాడు. ఒక మలుపు తప్పాడు. అలివేలు చెప్పలేదు. తనే ఆగి, కాగితం తిప్పి చూసుకుని, వెనక్కి వచ్చాడు. వంక దాటాడు. నేల నల్లబడే చోట ఆమె గీసిన గీత దగ్గర వేలు పెట్టి, కింద కాళ్ళ వైపు చూసి, "సరిగ్గా ఇక్కడే" అన్నాడు.

సుంకమ్మ అరుగుమీద శనగలు చెరుగుతోంది. వాళ్ళను చూసి చాట కింద పెట్టింది.

"ఏంపా, దారి దొరికిందా?"

"మా ఆమె గీసింది జేజీ."

అలివేలు గుడ్డ విప్పి చెప్పులు ఆమె కాళ్ళ దగ్గర జతగా పెట్టింది. ముసలామె వాటిని పట్టి చూసింది, పువ్వు మీద కొత్తదారం గోటితో తడిమింది. వాయని పాదం ఒకదాంట్లో పెట్టింది. సరిపోయింది. వాచిన పాదం పట్టలేదు. అయినా వేళ్ళవరకు దూర్చింది.

"ఇరవై మూడేళ్ళు దాచినావా? ఒక్కనాడన్నా తొడగలేదే."

"తొడగలేదు" అంది అలివేలు.

సుంకమ్మ కర్ర ఊతగా లేచి వాకిట్లో నాలుగడుగులు వేసింది. ఎండిన రేగడి గడ్డలు చెప్పుల అడుగునుంచి ఒక్కొక్కటే విడిపోయి, ఆ వాకిటి మట్టిలో పడ్డాయి. పడ్డాక ఏది ఏదో తెలియలేదు.